ధార ఎంత? గంగాళం ఎంత?

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి. వాట్లూ యూనిట్లూ నాకెందుకని ఇన్నాళ్లూ వాటి జోలికి పోలేదు. మొన్న కరెంటు బిల్లు చూశాక పోక తప్పలేదు.

బిల్లు చేతిలో పడగానే, పరీక్షలని రాత్రిళ్లు దీపం పెట్టుకు చదివే మా అమ్మాయిమీద విరుచుకుపడ్డాను. అది మారు మాటాడకుండా కాగితమూ పెన్సిలూ తెచ్చుకు కూర్చుంది.

"వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్, నాన్నగారూ. నా బల్బు 10 వాట్లు. యూనిట్ కావాలంటే 100 గంటలు వెలగాలి. మీ గీజరు 2,000 వాట్లు. దానికి అరగంట చాలు."

రాత్రికి ఐదు గంటల చొప్పున ఇరవై రాత్రులు పిల్ల చదివిన చదువు, నా ఒక్క పూట స్నానానికి సరి! వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

ఆ సిగ్గుతోనే పత్రికల్లో కరెంటు వార్తలు శ్రద్ధగా చదవసాగాను. ఒకచోట మెగావాట్లంటారు, మరొకచోట మిలియన్ యూనిట్లంటారు. రెండూ ఒకటే గాబోలనుకునేవాణ్ణి. కావు. వాటు కుళాయి ధార వంటిది. యూనిట్ గంగాళంలో చేరిన నీళ్ల వంటిది. ధార ఎంత లావైనా, ఎంతసేపు పట్టారో చెప్పకపోతే గంగాళం సంగతి తేలదు.

మెగావాటంటే పది లక్షల వాట్లు. గంటసేపు పనిచేస్తే వెయ్యి యూనిట్లు. విశాఖ దగ్గరి సింహాద్రి బొగ్గు విద్యుత్కేంద్రం 2,000 మెగావాట్లది. రోజంతా పూర్తి బలంతో నడిస్తే 4 కోట్ల 80 లక్షల యూనిట్లు. పత్రికల భాషలో 48 మిలియన్లు. 2017లో పనిలోకి వచ్చిన కర్నూలు సౌరవిద్యుత్ పార్కు 1,000 మెగావాట్లది. అందులో సగం గనక 24 మిలియన్లని లెక్క వేశారో, నాలాగే పొరబడ్డారన్నమాట. సూర్యుడు రాత్రి డ్యూటీ చెయ్యడు. పగలైనా మిట్టమధ్యాహ్నం ఉన్న ప్రతాపం పొద్దుటా సాయంత్రమూ ఉండదు. అందుకే అటువంటి కేంద్రాలు ఏడాది మొత్తంమీద ఆ లెక్కలో ఇంచుమించు నాలుగోవంతే ఇస్తాయి.

బొగ్గు, గ్యాసు, కరెంటు అన్నీ కలిపి దేశాల వాడకం తేల్చేవారు వాటిని టన్ను చమురులోకి మార్చుకుంటారు. అది కోటి కిలోకేలరీల వేడి. మన యూనిట్లలో 11,630.

ఇప్పుడెవరు ఎన్ని మెగావాట్లని చెప్పినా, "ఎన్ని గంటలండీ?" అని అడుగుతున్నాను. మా ఆవిడా స్నానాల గది తలుపు దగ్గర నుంచుని, రోజూ అదే ప్రశ్న అడుగుతోంది.