సామాన్యునికి దూరమగుచున్న మోటారుబండి

నవీపేట మేకల సంతకు వచ్చు రైతునకు కారు విలాసవస్తువు కాదు. అర్ధరాత్రి రోగిని నిజామాబాదు ఆసుపత్రికి చేర్చునది అదియే. 2015లో బోధను చక్కెర కర్మాగారము మూతపడగా ఆధారము గోల్పోయిన చెఱకు రైతు నేడు లక్షలు వెచ్చించి దానిని కొనగలడా?

1983లో వెలువడిన మారుతి 800 మధ్యతరగతివారి ముంగిటికి కారును దెచ్చెను. 2014లో దాని నిర్మాణము ముగిసెను. 2008లో టాటావారు లక్షరూపాయల నానోను ప్రకటించిరి; పదేండ్లకే అదియు దాదాపు నిలిచిపోయెను. 2023లో ఆల్టో 800యు మరుగుపడెను.

చౌక పేర ప్రాణరక్షణను తగ్గింపుడని మేము కోరుట లేదు. 2014 నాటి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలలో, పెద్దల రక్షణ విషయమున నానోకును ఆల్టో 800కును ఒక్క నక్షత్రమైనను లభింపలేదు. 2020లో వచ్చిన భారత్ స్టేజ్ 6 పొగ నియమములవలన వెల కొంత పెరిగినను వానిని మేము ఆక్షేపింపము. పల్లెవానికిని శుద్ధవాయువు కావలయును గదా!

మేము ఆక్షేపించునది ఆడంబరమును. పెద్ద తెరలు, పైకప్పు అద్దములు పొలము బాటపై నెవరికి గావలెను? 2025 సెప్టెంబరు 22 నుండి ప్రభుత్వము చిన్నకార్లపై జి.ఎస్.టి.ని 28 శాతమునుండి 18 శాతమునకు దగ్గించుట హర్షణీయమే. కాని పన్ను తగ్గింపు మాత్రము చాలదు.

దృఢమైన చట్రము, నమ్మదగిన బ్రేకులు, నవీపేట మెకానిక్కు విప్పి బాగుచేయగల యంత్రము గల బండిని మన కర్మాగారములు నిర్మింపవలెను. సామాన్యునికి అందని స్వదేశీ పరిశ్రమ ఎవరి కొఱకు?