పాట దొరికింది... పాడినవాళ్లేరీ?

మొత్తం తయారైనవి పదమూడొందల రికార్డులు. అందులో వెయ్యి వరదపాలయ్యాయి. మిగిలినవి మూడొందలు. ఇప్పుడు వాటిలో ఒక్కటి అమ్మకానికి వచ్చిందంటే చాలు... వేల డాలర్లు పెట్టి ఎగరేసుకుపోయేవాళ్లు సిద్ధంగా ఉంటారు. పోనీ, పేరుమోసిన బృందం పాడిందా అంటే కాదు. అప్పట్లో ఊరూవాడా మోగిపోయిందా అంటే అదీ లేదు. అసలు ఆ రికార్డు దుకాణాలకు సరిగ్గా చేరనే లేదు!

అదే దాని గొప్ప. ఎవరూ వినని పాట కోసం, ఎప్పుడో మూతపడ్డ కంపెనీ రికార్డు కోసం దేశాలు పట్టుకుని తిరిగేవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. బ్రెజిల్ నుంచి జాంబియా దాకా వాళ్లు దుమ్ము దులిపి తీస్తున్న రికార్డుల్లో ఎక్కువగా కనిపించేది 1970ల నాటి ప్రోగ్రెసివ్ రాక్, దానికి దగ్గరి చుట్టమైన సైకెడెలిక్ రాక్.

రికార్డంతా ఒకటే పాట

ఇంతకీ ప్రోగ్రెసివ్ రాక్ అంటే? 1960ల చివర్లో ఇంగ్లండులో మొదలైన ధోరణి. మామూలు రాక్ పాట మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. రేడియోవాళ్లకు అదే సౌకర్యం. కొందరు కుర్రాళ్లకు ఆ చట్రం ఇరుకనిపించింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదం అన్నీ తెచ్చి రాక్‌లో కలిపారు. పాట నిడివి పెంచారు. తాళాలు మార్చారు. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే... సినిమా పాటకూ, కచేరీలో గంటసేపు సాగే రాగం తానం పల్లవికీ ఉన్నంత తేడా!

1969లో కింగ్ క్రిమ్సన్ బృందం తొలి ఆల్బమ్ ఈ దారికి బాట వేసింది. 1972 వచ్చేసరికి జెత్రో టల్ బృందం 'థిక్ యాజ్ ఎ బ్రిక్' పేరుతో ఎల్పీ రికార్డు రెండు వైపులా కలిపి ఒకే ఒక్క పాట వినిపించింది. నలభై నిమిషాలు దాటిన పాట!

ఈ గాలి ఇటలీకి, జర్మనీకి, జపాన్‌కు, దక్షిణ అమెరికాకు పాకింది. వెళ్లిన ప్రతిచోటా అక్కడి మట్టివాసన పట్టించుకుంది. చిలీకి చెందిన లాస్ హైవాస్ బృందం 1981లో తమ మహాకవి పాబ్లో నెరూడా మచ్చు పిచ్చు మీద రాసిన కావ్యాన్ని ఆండీస్ కొండల వేణువులతో, ఎలక్ట్రిక్ గిటార్లతో కలిపి ఆల్బమ్‌గా తెచ్చింది. అది పేరు తెచ్చుకుంది. అంత అదృష్టం లేనివే ఎక్కువ. కొన్ని వందల రికార్డులు వేయడం, అమ్ముడుపోకపోవడం, బృందం విడిపోవడం, కుర్రాళ్లు ఉద్యోగాల్లో పడటం... ఎన్నో బృందాల కథ ఇంతే.

పేర్ల చీటీయే నిధి పటం

మరి ఎవరికీ తెలియని రికార్డును ఎలా వెతుకుతారు? 1979లో లండన్‌లో స్టీవెన్ స్టేపుల్టన్, అతని ఇద్దరు మిత్రులు 'నర్స్ విత్ వూండ్' పేరుతో ఓ రికార్డు విడుదల చేశారు. దాంతోపాటు ఓ జాబితా ఇచ్చారు. తాము మెచ్చిన వింత సంగీతకారుల పేర్లన్నీ అందులో రాశారు. మరుసటి ఏడాది రెండో రికార్డుతో ఆ జాబితాను ఇంకా పెంచారు. దాదాపు మూడొందల పేర్లు. ఏ దేశమో లేదు, ఏ కంపెనీయో లేదు. ఉత్త పేర్లే!

ఇంటర్నెట్ లేని రోజులు. ఆ జాబితా సేకర్తలకు నిధి పటమైపోయింది. ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ దానిలోని రికార్డుల కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లున్నారు. పాతసామాన్ల సంతలు, మూతపడ్డ దుకాణాల గోదాములు, అటకల మీది పెట్టెలు... దేన్నీ వదల్లేదు.

దొరికాక కూడా పని అయిపోదు. అది తొలి ముద్రణో, తర్వాత వేసిందో తేలాలి. రికార్డు మధ్యలో లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి వలయం ఉంటుంది. దానిమీద సన్నగా చెక్కిన అంకెలూ అక్షరాలే ఆ రికార్డు పుట్టుమచ్చలు. భూతద్దం పెట్టి వాటిని పోల్చుకుంటారు. ఇక మళ్లీ విడుదల చేయాలంటే స్టూడియోలో రికార్డు చేసిన అసలు టేపు కావాలి. అది పోతే గీతల్లేని ఎల్పీని వెతికిపట్టి, దాన్నే మోగించి, చిటపటలు తీసేసి కొత్త ప్రతి తయారుచేస్తారు. అందుకే ఎవరింట్లోనో భద్రంగా ఉన్న ఒక్క రికార్డుకు అంత విలువ.

నీళ్ల పాటను నీళ్లే మింగాయి

మొదట్లో చెప్పుకున్న మూడొందల రికార్డుల సంగతే చూడండి. దానిపేరు 'పాయెబిరూ'. లులా కోర్తెస్, జే రమాల్యో అనే ఇద్దరు యువకులు బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో 1974లో రికార్డు చేశారు. పక్క రాష్ట్రమైన పరైబాలో ఇంగా అనేచోట ఓ పెద్ద రాతిమీద ప్రాచీనులు చెక్కిన గుర్తులున్నాయి. వాటి అర్థమేమిటో ఇప్పటికీ తేలలేదు. ఆ రాయిని చూసిన అబ్బురంలోంచే ఈ సంగీతం పుట్టింది. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు. ఒక్కో వైపూ ఒక్కో భూతానికి... భూమి, గాలి, నిప్పు, నీరు.

1975లో రెసిఫెను వరద ముంచెత్తింది. రికార్డు తయారుచేసిన రోజెన్‌బ్లిట్ కంపెనీ ఆవరణలోకి నీళ్లొచ్చాయి. అక్కడున్న వెయ్యి రికార్డులూ నాశనమయ్యాయి. అసలు టేపులూ దక్కలేదు. నీటిమీద పాట కట్టినవాళ్ల రికార్డును నీళ్లే మింగేశాయి! లులా సహచరి కాటియా మెజెల్ అంతకుముందే తీసుకెళ్లి దాచిన మూడొందలు మాత్రం బతికి బయటపడ్డాయి. ఈ పాట ఇవాళ వినిపిస్తోందంటే అవే కారణం.

ఆ తర్వాత జే రమాల్యో బ్రెజిల్‌లో పెద్ద గాయకుడయ్యారు. లులా కోర్తెస్ 2011లో కన్నుమూశారు. 'పాయెబిరూ' మళ్లీ విడుదలై దేశదేశాల్లో పేరు తెచ్చుకోవడం ఆయన బతికుండగానే మొదలైంది. అందరికీ ఆ మాత్రం భాగ్యమైనా దక్కలేదు. అట్లాంటిక్ సముద్రానికి ఆవలి ఒడ్డున, ఆఫ్రికా ఖండం నడుమ ఉన్న జాంబియా కథే అందుకు సాక్ష్యం.

రాగి గనుల్లో రాక్

1964లో బ్రిటిష్ పాలన నుంచి బయటపడ్డ జాంబియాకు రాగి గనులే ప్రాణం. ఎగుమతుల ఆదాయంలో తొంభై శాతానికి పైగా రాగిదే. గనుల పట్టణాల్లో జీతాలు బాగుండేవి. కుర్రాళ్ల చేతికి గిటార్లు వచ్చాయి. పైగా అధ్యక్షుడు కెన్నెత్ కౌండా స్వయంగా గిటారు వాయించే మనిషి. రేడియోలో వేసే పాటల్లో 95 శాతం జాంబియావే ఉండాలని ఆదేశించారు. ఇంకేం! ఇంగ్లిషులో, బెంబా, న్యాంజా భాషల్లో కొత్త పాటలు పుట్టుకొచ్చాయి. గరగరలాడే గిటార్లకు ఊరి తాళాలు కలిసిన ఆ సంగీతానికే తర్వాత 'జామ్‌రాక్' అని పేరు వచ్చింది.

బృందాల పేర్లూ సరదాగా ఉండేవి. 'ముసి ఓ తున్యా' అంటే ఉరిమే పొగ. విక్టోరియా జలపాతానికి స్థానికుల పేరు అది. 'అమనాజ్' అయితే 'జాంబియాలోని మంచి కళాకారుల గురించి నన్నడగండి' అనే ఇంగ్లిషు వాక్యంలోని తొలి అక్షరాల కూర్పు.

వీళ్లందరిలోకీ పేరు మోగింది 'విచ్'. మంత్రగత్తె అనుకునేరు... 'మేం గందరగోళం సృష్టిస్తాం' అని అర్థమొచ్చే ఇంగ్లిషు మాటలకు పొట్టి రూపం! గాయకుడు ఇమ్మాన్యుయేల్ చాండా. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌లా వేదికమీద చెలరేగిపోతాడని జనం 'జగారీ' అని పిలుచుకున్నారు. రికార్డులు తయారుచేసే ఏర్పాటు సొంత దేశంలో లేకపోవడంతో తొలి ఆల్బమ్ 'ఇంట్రడక్షన్'ను 1972లో కెన్యాలో వేయించి తెచ్చుకున్నారు. 1975లో వచ్చిన 'లేజీ బోన్స్' నాటికి దేశంలో వాళ్లకు ఎదురులేదు.

ఒక్కరే మిగిలారు

అంతలోనే కాలం తిరగబడింది. 1970ల నడిమిలో ప్రపంచ మార్కెట్లో రాగి ధర పడిపోయింది. జాంబియా ఆదాయం కుప్పకూలింది. పొరుగున రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) విముక్తి పోరాటం. దాని సెగ ఇటూ తగిలి రాత్రిపూట కర్ఫ్యూలు. రాత్రి కచేరీలు పగటికి మారాయి. రికార్డు కొనే స్తోమత జనానికి తగ్గింది. ఆపైన దొంగ క్యాసెట్లు వచ్చిపడ్డాయి. జగారీ బృందాన్ని వదిలి సంగీతం పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఎయిడ్స్ మహమ్మారి అతి ఘోరంగా విరుచుకుపడ్డ దేశాల్లో జాంబియా ఒకటి. జామ్‌రాక్ తరంలో ఎందరినో అది పొట్టనపెట్టుకుంది. విచ్‌కు పేరు తెచ్చిన ఆనాటి ఆల్బమ్‌లలో వాయించిన జట్టులో జగారీ ఒక్కరే మిగిలారు. ఐరోపా, అమెరికాల్లో సేకర్తలు ఆ రికార్డుల కోసం పోటీపడే వేళకి ఆయన రంగురాళ్ల తవ్వకాలతో పొట్టపోసుకుంటున్నారు!

ఇక్కడే ఓ చేదు నిజం. పాత రికార్డు వేల డాలర్లకు చేతులు మారినా పాడిన మనిషికి అందులో పైసా రాదు. ఆ సొమ్మంతా అమ్మినవాడిదే. అనుమతి లేకుండా నకళ్లు వేసుకుని అమ్మేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాటను వెతికినవాళ్లు మనిషిని కూడా వెతికితేనే కథ మారుతుంది.

డెబ్భై దాటాక కొత్త రికార్డు

జగారీ విషయంలో అదే జరిగింది. అమెరికాలో నౌ ఎగైన్ రికార్డ్స్ నడిపే ఈయోథెన్ అలపాట్ ఆయన్ను కలుసుకుని, ఆయన సహకారంతో 2012లో విచ్ పాటలన్నీ ఓ పెట్టెగా వెలువరించారు. ఇటలీ కుర్రాడు జియో అర్లోట్టా కెమెరా పట్టుకుని జాంబియా వెళ్లారు. ఆయన తీసిన డాక్యుమెంటరీ 2019లో విడుదలైంది. ఈ మధ్యలోనే ఐరోపా యువ సంగీతకారులు జగారీతో జట్టుకట్టారు. 1980ల్లో విచ్‌లో కీబోర్డు వాయించిన ప్యాట్రిక్ మ్వొండేలా కూడా వచ్చి కలిశారు. 2017లో కొత్త విచ్ ఐరోపాలో కచేరీలు చేసింది.

2023లో 'జాంగో' పేరుతో కొత్త ఆల్బమ్ వచ్చింది. అంతకుముందు విచ్ ఆల్బమ్ వచ్చింది 1984లో. అంటే దాదాపు నలభై ఏళ్ల విరామం! 1970ల్లో తాము పాడిన లుసాకా నగరంలోని స్టూడియోలోనే దీన్నీ రికార్డు చేశారు. జాంబియాలో పుట్టిన నేటితరం ర్యాపర్ సంపా ద గ్రేట్ కూడా అందులో గొంతు కలిపింది. అప్పటికి జగారీ వయసు డెబ్భై దాటింది.

ఆనాటి మిత్రులు వినాల్సిన చప్పట్లు కూడా ఇప్పుడు ఆయన ఒక్కరే వింటున్నారు. ఎవరో ఒకరు ఆ నల్లటి చక్రాన్ని పారేయకుండా ఉంచారు. మరొకరు దాన్ని పట్టుకుని మనిషి దాకా వచ్చారు. ఇంకో పదేళ్లు ముందు వచ్చి ఉంటే... వేదికమీద ఇంకొందరు ఉండేవారేమో!