కాశీలో బండెక్కే ముందు ఇదీ అడగండి

యాత్రకి వెళ్ళొచ్చిన దంపతులని విడివిడిగా కూర్చోబెట్టి, ఏమేం చూశారని అడిగి చూడండి. ఆయన ఊరంతా చెబుతారు. ఏ బజారు ఎక్కడుంది, ఏ సందులో లస్సీ బావుంటుంది, కోట ఎవరు కట్టారు... ఆవిడేమో దర్శనానికి ఎంతసేపు పట్టిందీ, సత్రంలో వేణ్ణీళ్ళు వచ్చాయా లేదా, పిల్లాడికి ఏ తిండి పడలేదు, ఇవి చెబుతుంది. వెళ్ళింది ఒకే ఊరు, ఉన్నది అవే నాలుగు రోజులు. మరి ఈ తేడా ఎందుకొచ్చింది?

ఆవిడకి ఊరు మీద ఆసక్తి లేక కాదు. గుడి నుంచి రాగానే "నువ్వు సామాను చూసుకుంటూ ఉండు, మేం అలా తిరిగొస్తాం" అన్నారు. ఆవిడా సరేనంది. యాభై దాటితే మోకాళ్ళ నొప్పులు సరేసరి. "నా వల్ల మీ అందరికీ ఆలస్యం ఎందుకులెండి" అని తనే ముందు అనేస్తుంది. అలా ఎన్ని ఊళ్ళు మనం గది కిటికీలోంచి చూసి వచ్చేశామో లెక్కే లేదు.

అందుకే, కాశీలో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే బ్యాటరీ రిక్షాలని నేను ఆడవాళ్ళ బళ్ళు అంటాను. అక్కడివాళ్ళు టోటో అంటారు. రెండు మూడు గంటలకి మాట్లాడుకుంటే ఊరు తిప్పి చూపిస్తారు. దారి తెలిసిన డ్రైవరే చాలాసార్లు గైడు కూడా. నలుగురు కూర్చోవచ్చు. మెట్టు ఎత్తు తక్కువ కాబట్టి చీర కుచ్చెళ్ళు పట్టుకుని, మోకాలు పెద్దగా వంచకుండా ఎక్కేయొచ్చు. నిబంధనల ప్రకారం గంటకి పాతిక కిలోమీటర్ల వేగం దాటకూడదు. అంటే గుండె దడ లేకుండా రెండు వైపులా చూసుకుంటూ పోవచ్చు. ఇంజను మోత ఉండదు, పొగ ఉండదు. గైడు చెప్పేది వెనక సీట్లో ఉన్న అత్తగారికి కూడా వినబడుతుంది.

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనేవారు మన పెద్దలు. ఆ మాట ఊరికే పుట్టలేదు. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి కాశీ, గయ చూసుకుని తిరిగి వచ్చేసరికి పదిహేను నెలలు పైనే పట్టింది. పల్లకీలూ బోయీలూ పరివారమూ ఉన్న పెద్ద ఉద్యోగి సంగతి అది. మామూలు ఇంటి ఆడది కాశీ వెళ్ళడమంటే ఇంటికి అప్పగింతలు చెప్పి వెళ్ళడమే. అలాంటిది ఈవేళ నలుగురు ఆడవాళ్ళు కలిసి రైలెక్కి వెళ్ళి, పొద్దున్నే టిఫిను చేసి, ఎవరి తోడూ లేకుండా బండి మాట్లాడుకుని ఊరు చూసి రాగలుగుతున్నారు. 2023లో గంగా పుష్కరాలకి వెళ్ళిన మనవాళ్ళలో ఇలా చూసొచ్చిన వాళ్ళు మీ వీధిలోనూ ఉండే ఉంటారు, అడగండి.

"బండెక్కి తిరిగితే పుణ్యమొస్తుందా? యాత్రంటే కష్టపడాలి" అనేవారూ ఉన్నారు. ఆ వీరాస్వామి గారు వెళ్ళింది మనుషుల భుజాల మీద మోసే పల్లకీలో! మనం ఎవరి భుజం నొప్పి పెట్టకుండా బ్యాటరీ మీద వెళితే పుణ్యం ఎందుకు తరుగుతుంది? ఆ మాట అనేవారి మోకాళ్ళు ఇంకా గట్టిగా ఉన్నాయన్నమాట, సంతోషం.

మంచి మాట అయింది. ఇక నా అసలు ఫిర్యాదుకి వస్తాను.

చూపించేది ఏమిటి?

సాధారణంగా ఈ బళ్ళవాళ్ళు తిప్పే చోట్లు ఇంచుమించు ఒకటే. దుర్గాకుండ్ గుడి, తులసీ మానస మందిరం, సంకటమోచన హనుమంతుడు, హిందూ విశ్వవిద్యాలయం, అందులో ఉన్న కొత్త విశ్వనాథాలయం, 1936లో గాంధీగారు ప్రారంభించిన భారతమాత మందిరం. మంచి చోట్లే. దారి పొడుగునా కథ కూడా చెబుతారు. ఆ కథ నిండా రాజులు, ఋషులు, సేట్లు. తర్వాత "అమ్మా, ఒక్క పది నిమిషాలు" అంటూ బండి ఒక చీరల కొట్టు ముందు ఆగుతుంది. మాకు తెలిసిన ఒక టీచరుగారు గడియారం చూసి మరీ లెక్క కట్టారు. రెండు గంటల్లో ముప్పావు గంట కొట్లోనే అయిపోయిందట! ఆడవాళ్ళు ఎక్కారంటే చీరలు చూపిస్తే చాలనుకోవడం ఉందే, ఒళ్ళు మండేది దానికే. బనారసు చీర మీద మనకి మమకారం లేదని కాదు. దానికి వేరే పూట పెట్టుకుంటాం. ఈ రెండు గంటలూ ఊరు చూడ్డానికి ఇచ్చాం.

అందుకని బండెక్కే ముందు రేటుతో పాటు ఒక ప్రశ్న అడగండి అంటాను. "ఈ ఊళ్ళో ఆడవాళ్ళు కట్టించినవి ఏమున్నాయి? అవి చూపిస్తావా?"

డ్రైవరు తెల్లబోతాడు. కానీ ఆయనకి తెలియకుండానే రోజూ వాటి ముందు బండి ఆపుతున్నాడు.

దుర్గాకుండ్ సంగతే చూడండి. ఎర్రగా మెరిసే ఆ గుడినీ, పక్కన కోనేటినీ పద్దెనిమిదో శతాబ్దంలో కట్టించింది బెంగాల్లోని నాటోర్ జమీందారిణి రాణీ భవాని. 1748లో భర్త పోయాడు. అప్పట్నుంచీ అంత పెద్ద జమీందారీని దశాబ్దాల పాటు తనే నడిపించింది.

మనం ప్రాణం లేచొచ్చేలా చూసే విశ్వనాథుడి గుడి? 1780 నాటికి దాన్ని తిరిగి నిలబెట్టింది ఇందూరు రాణి అహల్యాబాయి హోల్కర్. 1754లో భర్త యుద్ధంలో పోతే సహగమనానికి సిద్ధపడింది. మామగారు మల్హర్‌రావు అడ్డుపడి ఆపారు. ఆ ఆపడం వల్ల మనకి గుడి దక్కింది, మాళవ దేశానికి ముప్ఫై ఏళ్ళకి దగ్గరగా మంచి పాలన దక్కింది. ఈవిడ పేరు మాత్రం గైడులు చెబుతారు. 2021 డిసెంబరులో ప్రారంభమైన విశ్వనాథ ధామంలో ఆవిడ విగ్రహం కూడా పెట్టారు, చూడకుండా రావద్దు.

ఘట్టాల వైపు వెళితే సింధియా ఘాట్. 1830 ప్రాంతంలో దాన్ని కట్టించింది గ్వాలియరు రాణి బైజాబాయి. జ్ఞానవాపి బావి చుట్టూ ఉన్న స్తంభాల మంటపం కూడా ఆవిడదే, 1828 నాటిది. భర్త దౌలత్‌రావు సింధియా పోయింది 1827లో.

అస్సీ ఘాట్ దగ్గర భదైనీలో ఝాన్సీ లక్ష్మీబాయి పుట్టిన చోటుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు మణికర్ణిక, ఆ ఊరి ఘట్టం పేరే. 1853లో భర్త పోయాకే ఆవిడ మనకి తెలిసిన లక్ష్మీబాయి అయింది.

గమనించారా? నలుగురూ భర్త పోయిన వాళ్ళే!

నా మటుకు నాకు ఇది చిన్న సంగతి కాదు. "కాశీకి పంపేశారు" అంటే మన ఇళ్ళల్లో అర్థం ఏమిటో అందరికీ తెలుసు. మొగుడు పోయిన ఆడదాన్ని ఇంట్లో ఒక ముద్ద దండగనుకుని గంగ ఒడ్డున వదిలేసి రావడం. తెల్లచీరలు కట్టుకుని చావు కోసం ఎదురుచూసే ముసలమ్మలే కాశీలో వితంతువులంటే మన కళ్ళ ముందు మెదిలేది. అలా వదిలేసిన వాళ్ళు ఉన్నారు, అబద్ధం కాదు. కానీ అదే గంగ ఒడ్డున గుడి కట్టినది, మెట్లు కట్టినది, బావికి మంటపం వేసినది కూడా వితంతువులే. సగం కథే మనకి చెప్పారు. మిగతా సగం చెప్పలేదు.

ఈరోజుకీ పేరంటానికి పిలవని పిన్ని, పెళ్ళిలో వెనక వరసలో కూర్చునే అక్క, శుభకార్యంలో ఎదురు రావద్దని కళ్ళతోనే చెప్పించుకునే వదిన మన కుటుంబాల్లో ఉన్నారు. చదువుకున్న ఇళ్ళల్లోనే ఉన్నారు. ఎదురొస్తే అపశకునం అని మనం పక్కకి జరిపే మనిషి కట్టించిన గుడిలోకి, తలంటు పోసుకుని మరీ వెళ్ళి దండం పెట్టుకుంటున్నాం. ఆ పిన్నిని ఒకసారి ఆ బండి ఎక్కించి, దుర్గాకుండ్ ముందు ఆపి ఈ మాట చెప్పండి. మీరు చెప్పకపోయినా గైడు చేత చెప్పించండి. విన్నాక ఆవిడ మొహం చూడండి.

బండి పోని చోటికి...

ఒక సంగతి ముందే అనుకోవాలి. కాశీలో బండి అన్ని చోట్లకీ పోదు. గోదౌలియా దాటాక ఘట్టాల వైపు నడకే. సందులైతే ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు గోడకి ఒరగాల్సినంత ఇరుకు. అందుకని రెండు గంటలు బండికీ, ఒక గంట పడవకీ పెట్టుకోండి. అస్సీ నుంచి రాజ్‌ఘాట్ దాకా ఎనభై పైచిలుకు ఘట్టాలు ఒక్క మెట్టు దిగకుండా నీళ్ళ మీంచే చూడొచ్చు. మణికర్ణిక పక్కనే, సింధియా ఘాట్ దగ్గర ఒక పక్కకి ఒరిగిపోయిన రత్నేశ్వర్ గుడి కనిపిస్తుంది. ఒక కొడుకు ఆ గుడి కట్టించి "అమ్మ ఋణం తీర్చేశాను" అన్నాడట, వెంటనే గుడి ఒరిగిపోయిందట. పడవవాళ్ళు చెప్పే కథ. నిజమో కాదో గానీ, పక్కన కొడుకుని కూర్చోబెట్టుకుని వినదగ్గది!

మనవాళ్ళు కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తారు కదా, ఈ బండి తిరుగుడు మొదటి రోజే పెట్టుకోండి. రెండు గంటల్లో కాశీ మొత్తం తెలిసిపోదు. మిగతా ఎనిమిది రోజులు మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలో మాత్రం మీకే తెలుస్తుంది. ఇంకొకరి వెనకాల నడవక్కర్లేదు. రేటు బండికా, మనిషికా అన్నది ముందే తేల్చుకోండి. "కొట్ల దగ్గర ఆపొద్దు" అని ఎక్కేటప్పుడే చెప్పండి. మరుగుదొడ్డి ఎక్కడుందో అక్కడ ఒకసారి ఆపమని కూడా మొహమాటపడకుండా చెప్పండి. దానికి భయపడి నీళ్ళు తాగకుండా ఊళ్ళు తిరిగింది చాలు.

మన గోదావరి ఒడ్డున...

కాశీ గురించి ఇంత చెప్పింది మన ఊళ్ళ కోసం కూడా. హిందూ విశ్వవిద్యాలయం ముందు బండి ఆగినప్పుడు మనం గైడుకి చెప్పాల్సిన పేరొకటి ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మెట్రిక్ పాసైంది ఆ విశ్వవిద్యాలయం ద్వారానే. తర్వాత ఆవిడ ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. పుట్టింది 1909లో, మన రాజమండ్రిలో.

ఆ రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు గౌరమ్మ. ఊరంతా వెలివేస్తే, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేస్తే, గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. ఆ నీళ్ళ బిందె లేకపోతే ఆ సంస్కరణ ఎన్నాళ్ళు నిలిచేది? వీరేశలింగం గారి పేరు పిల్లల పుస్తకాల్లో ఉంది. బిందె మోసిన చేతుల సంగతి మనం చెబితేనే తెలుస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. ఎన్ని ఘట్టాలు, ఎన్ని బస్సులు, ఎన్ని గదులు అని ప్రభుత్వం లెక్కలు వేసుకుంటుంది. వాటితో పాటు ముసలివాళ్ళకీ, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకీ రెండు గంటల బ్యాటరీ బండి ఏర్పాటు చెయ్యండి. వీరేశలింగం గారి ఇల్లు, ఆ దంపతుల సమాధులున్న ఆనంద తోట, ధవళేశ్వరం ఆనకట్ట చూపించండి. చూపించే పని ఆ ఊరి ఆడపిల్లలకే నేర్పండి. గౌరమ్మ పెళ్ళి కథా, రాజ్యలక్ష్మమ్మ బిందె కథా వాళ్ళ నోటితో చెప్పించండి. ఇందుకు కోట్లు ఖర్చు కావు.

ప్రభుత్వం చేసినా చెయ్యకపోయినా మన చేతిలో ఉన్నది మనం చెయ్యొచ్చు. ఈసారి ఏ నది ఒడ్డున ఊరికి వెళ్ళినా, "సామాను చూస్తుండు" అన్న మాట వినగానే తాళం వేసి చెవి కొంగున కట్టుకుని ముందు మీరే బండెక్కండి. అమ్మనీ అత్తగారినీ కూడా ఎక్కించుకోండి. ఇంట్లో భర్త పోయిన మనిషి ఉంటే ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టండి. గైడు నోరు తెరవగానే ఆ ప్రశ్న అడగండి. పదిమంది అడిగితే పదకొండో మనిషికి గైడు అడక్కుండానే చెబుతాడు. ఏమంటారు?