గుడ్లు ఉబ్బితే చుక్కల మందు చాలదు
కల్లూరు: 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత ‘కంటి వెలుగు’ మొదలైంది. ఊరూరా కళ్లు చూసి అద్దాలిచ్చారు. మంచిదే. అయితే అద్దాలతో తీరని జబ్బులూ ఉన్నాయి.

థైరాయిడ్ జబ్బు ఉన్న కొందరికి కంటి వెనుక కండరాలు వాచి, గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది. ఆ వాపు కంటి నరాన్ని నొక్కితే రెటీనా దగ్గర నరం మొదలు ఉబ్బవచ్చు, పాలిపోవచ్చు. ఎరుపు రంగు వెలిసినట్లు కనిపిస్తుంది, చూపు మసకబారుతుంది. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. చుట్ట, బీడీ ఈ జబ్బును మరింత ముదరబెడతాయి.

కనుక గుడ్లు ఉబ్బినవారు, ఒకటి రెండుగా కనిపించేవారు చుక్కల మందుతో కాలక్షేపం చేయరాదు. థైరాయిడ్ రక్తపరీక్ష, కంటి లోపలి పరీక్ష రెండూ చేయించుకోవాలి. శిబిరాల్లో ఇటువంటివారిని గుర్తించి ఖమ్మం పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు వైద్యాధికారులు చేయాలి.