చయానోవ్ రైతూ మన కౌలుదారూ

చిన్న రైతు కొద్ది తరాల్లో అంతరిస్తాడని అటు పెట్టుబడిదారీ పండితులూ ఇటు మార్క్సిస్టుల్లో అత్యధికులూ నమ్మిన రోజుల్లో, ఆ నమ్మకాన్ని లెక్కలతో ఎదుర్కొన్నవారు అలెగ్జాండర్ చయానోవ్. రష్యన్ రైతు కుటుంబాల ఆదాయవ్యయాలను పరిశీలించి రాసిన ఆయన ప్రధాన గ్రంథం 1925లో వెలువడింది. 1930లో ఆయన్ను నిర్బంధించారు, 1937లో కాల్చిచంపారు. పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చేసరికి 1966 అయింది. దానికి సంపాదకత్వం వహించినవారిలో డేనియల్ థార్నర్ ఒకరు. భారత వ్యవసాయ భవితవ్యంపై ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1955లో అయిదు ఉపన్యాసాలిచ్చి, మరుసటి ఏడు పుస్తకంగా తెచ్చిన థార్నరే ఈయన. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివేవారు అరుదు. అలా చదివితే మాత్రం చయానోవ్‌ను మెచ్చుకునే పద్ధతిలోనే ఒక పొరపాటు ఉందని తెలుస్తుంది.

చయానోవ్ చెప్పినది చూడటానికి చాలా సులువు. రైతు ఇంట్లో తినే నోళ్లెన్ని, పనిచేసే చేతులెన్ని అన్నదాన్ని బట్టి శ్రమ తీవ్రత నిర్ణయమవుతుంది. పసిబిడ్డలున్న ఇంట్లో తల్లిదండ్రులు నడుము విరిగేలా చాకిరీ చేస్తారు. పిల్లలు చేతికి అందివస్తే కాస్త ఊపిరి తీసుకుంటారు. కూలి లెక్కగడితే నష్టమొచ్చే పొలాన్ని పెట్టుబడిదారు వదిలేస్తాడు. ఇంటిల్లిపాదీ పడిన కష్టానికి కూలి కట్టుకోని కుటుంబం వదలదు. అందుకే అది నిలుస్తుంది. నిలిచింది కూడా. నేటికీ ప్రపంచంలోని ప్రతి ఆరు కమతాల్లో సుమారు అయిదు రెండు హెక్టార్లకు లోపువే. భారతదేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు.

ఈ నిలకడనే చిన్న సేద్యపు విజయంగా చెప్పుకోవడం పరిపాటి. కానీ నిలబడటం వేరు, బాగుపడటం వేరు. రైతు కుటుంబం తన్ను తానే పిండుకుంటుందని చయానోవే నిర్మొహమాటంగా రాశారు. కూలి లెక్కించుకోనివాడి పంటను ఖర్చుకన్న తక్కువకు కొనడం బజారుకు ఎంత తేలికో వేరే చెప్పనక్కర లేదు.

భూమి చాలని కుటుంబాలు ఏ పెట్టుబడిదారూ ఇవ్వలేనంత కౌలు ఇచ్చి అయినా భూమి తీసుకుంటాయని కూడా ఆయన గమనించారు. అయితే రష్యా పల్లెల్లో చాలాచోట్ల గ్రామ సముదాయమే భూమిని కుటుంబాల మధ్య మళ్లీ మళ్లీ పంచేది. కనుక ఆ గమనిక పుస్తకానికి కేంద్రం కాలేదు. తెలుగు నేల మీద కేంద్రం అదే. పత్తికో మిర్చికో కౌలు రొక్కంగా, చాలాచోట్ల విత్తనం వేయకముందే, చెల్లించాలి. వాన మొహం చాటేసినా కట్టిన రొక్కం తిరిగి రాదు. రష్యన్ ఇంట్లో కనీసం గంజిగా మిగిలిన శ్రమ, ఇక్కడ కౌలుగా గడప దాటిపోతుంది.

థార్నర్ ఉపన్యాసాలు అందుకునేది ఇక్కడే. దున్ననివాడికి ఆదాయం, దున్నేవాడికి అప్పు మిగిలేచోట సేద్యం మీద డబ్బు పెట్టడానికి మొదటివాడికి అవసరం ఉండదు, రెండోవాడికి తాహతు ఉండదు. సేద్యాన్ని లోపలినుంచే అదిమిపెట్టే ఏర్పాటని ఆయన దీన్ని వర్ణించారు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. అప్పల్రాముడి ఇంట్లో కష్టానికి లోటు లేదు. కష్టఫలమే ఇంట నిలవలేదు.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తానంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం అడిగింది, దానిమీద యజమాని సంతకం ఉండాలంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకే వెళ్లింది. దున్నేదెవరన్న ప్రశ్నే లేదు. కౌలుదారు పేరు కాగితానికెక్కితే రేపు హక్కు అడుగుతాడని యజమానుల భయం. 1950 నాటి చట్టం కింద రక్షిత కౌలుదారులను చూసిన తెలంగాణలో ఆ భయానికి చరిత్ర కూడా ఉంది. ఆ యజమానులు అందరూ ఊళ్లోనే లేరు. రైతు కథ విని సభలో కళ్లు తుడుచుకునే డాలస్, లండన్ తెలుగువారిలోనూ పట్టాదారులున్నారు. పదకొండు నెలల కాగితం మీద సంతకం మాట వస్తే ఎందరు కలం తీస్తారో వారికే తెలియాలి.

చయానోవ్ చూపిన దారి సహకారం. సేద్యం కుటుంబం చేతిలోనే ఉంటుంది. పరపతి, శుద్ధి, అమ్మకం సంఘానికి వెళతాయి. 1946లో ఖేడా జిల్లాలో మొదలై అమూల్‌గా పేరొందిన పాల సంఘం దాదాపు అచ్చంగా ఈ నమూనాయే. కానీ గేదె ఎవరిదో పాలు పోసేదీ సాధారణంగా వారే. పత్తి చేలో అలా కాదు. పంట రుణం పాసుపుస్తకం అడుగుతుంది, అది యజమాని బీరువాలో ఉంటుంది.

సమయం తక్కువ ఉన్నవారు ముందు థార్నర్‌ను చదవడం మేలు. చిన్న పుస్తకం. ఆ తరువాత చయానోవ్‌ను తెరిస్తే, ఆ పట్టికల్లో నిలదొక్కుకున్న రైతుకన్నా ముందు అతని చాకిరీ కనిపిస్తుంది.