తెలుగు వత్తుకి కాస్త చోటివ్వండి

మొబైల్‌లో ఏ సైట్ తెలుగు బాగుందో తేల్చడానికి నాది ఒకటే టెస్ట్: హెడ్డింగ్‌లో మా ఊరి పేరు ‘శ్రీరాంపూర్’ పెట్టి చూడండి. ‘శ్రీ’కి పైన గుడి దీర్ఘం, కింద ర వత్తు. రెండూ తెగకుండా కనిపిస్తే సైట్ పాసైనట్టే.

చాలా సైట్లు ఫెయిలే. ఇంగ్లిష్ కొలతలతో కట్టిన డబ్బాలో తెలుగును కుక్కేస్తున్నారు. లైన్-హైట్ 1.2 ఉంటే వత్తులు కింది లైన్‌కు తగులుతాయి. బటన్ ఎత్తు ఫిక్స్ చేసి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే తెగిపోతాయి. ‘గడ్డి’ కాస్తా ‘గడి’ అవుతుంది. సినిమా వార్తలో అయితే నవ్వుకుంటాం. షిఫ్ట్ దిగి ఫోన్‌లో సేఫ్టీ సూచనలు చదివే సింగరేణి కార్మికుడి సంగతేంటి?

ఖర్చనే సాకు చెల్లదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు అన్నీ ఫ్రీ. మండలికి ఉన్నది ఒకే వెయిట్. బోల్డ్ అడిగితే బ్రౌజరే దొంగ బోల్డ్ పూస్తుంది, అక్షరాల్లో ఖాళీలు పూడుకుపోతాయి. బోల్డ్ కావాలంటే నోటో గానీ, అనెక్ తెలుగు గానీ తీసుకోండి.

బాడీ టెక్స్ట్ 16 పిక్సెల్స్‌కు తగ్గొద్దు. లైన్-హైట్ 1.6తో మొదలుపెట్టండి. బటన్‌కు ఫిక్స్‌డ్ ఎత్తు తీసేసి ప్యాడింగ్ ఇవ్వండి.

కెమెరాకు, బ్యాటరీకి మార్కులేస్తున్నాం కదా, ఇకపై యాప్‌ల రివ్యూలో తెలుగు చదవడానికీ మార్కులు వేద్దాం.