నలభై ఎనిమిదో ఏట పలక పట్టాను

ఈ వారం కబుర్లు కూర్చుని రాయడం లేదండీ, బోర్లా పడుకుని రాస్తున్నాను. నడుం కింద ఎముక కూర్చోనివ్వడం లేదు మరి! పక్కింటి పిన్నిగారు “మెట్ల మీద జారావా అమ్మాయ్?” అని పరామర్శకొచ్చారు. “లేదండీ, మంచు మీద జారాను. అదీ డబ్బులిచ్చి, మాస్టారిని పెట్టుకుని మరీ జారాను” అంటే ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు, జ్వరమేమోనని.

మీరూ నవ్వకండి. నేను పుట్టిందీ పెరిగిందీ భద్రాచలం దగ్గర అడవి అంచున. నాకు తెలిసిన మంచు రెండే రకాలు. ఒకటి ఐస్‌ఫ్రూట్ బండిలోది, రెండోది మా ఫ్రిజ్ పై అరలో పేరుకుపోయేది. మే నెల వస్తే మా వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తునికాకు కోసే ఆడవాళ్ళు చీకటితోనే అడవిలోకి వెళ్ళి, ఎండ ముదరకముందే నెత్తిన మూటలతో వచ్చేస్తారు. అలాంటి చోటినుంచి వెళ్ళి స్నోబోర్డు ఎక్కానంటే, ఆ సంగతి మీతో చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టదు.

అసలు సంగతి ఇంకా వెనక్కి వెళ్తుంది. పదకొండేళ్ళ పైమాట. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో మూడు రోజుల కొండలెక్కే క్యాంపు పెట్టారు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన కాగితం తెచ్చింది. నేను పోపు పెడుతున్నాను. “కొండలూ వద్దు, తాళ్ళూ వద్దు. కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరు చేసుకుంటారే?” అన్నాను. అదే మాట, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మావారు పెన్ను తీసినా నా మొహం చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. పిల్ల ఏడవలేదు, మారాం చేయలేదు. కాగితం మడిచి సోషల్ పుస్తకంలో పెట్టుకుంది.

కొన్ని నెలలకి 2014 మే 25 వచ్చింది. ఆ రోజు మన తెలుగు పిల్లలిద్దరు ఎవరెస్టు ఎక్కిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలు కూలిపనికి వెళ్ళేవాళ్ళు. పిల్లకి అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఆనంద్ అయితే అచ్చంగా మా వైపు పిల్లాడు, చర్ల మండలం. అప్పుడది ఖమ్మం జిల్లాలో ఉండేది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. తాలిపేరు వాగు, టేకు చెట్లు, ఆ పక్కనే ఛత్తీస్‌గఢ్. ఆ మండలంలో మంచు అన్నమాట చలికాలం పొద్దున కురిసే పొగమంచుకే వాడతాం.

ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్ళే. భువనగిరి కోట బండ మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నారు. అక్కడినుంచి డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి, తర్వాత లడఖ్ చలికి. ఎవరో కొమ్ములు తిరిగిన వాళ్ళు కాదు, మొదట మంచు మీద నిలబడటమే నేర్చుకోవాల్సి వచ్చిన పిల్లలు. నేపాల్ వైపునుంచి 16 నిండనివాళ్ళని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపునుంచి ఎక్కించారు. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి, కొండ మీద పనిచేసేవాళ్ళు 16 మంది చనిపోయారు. అది తెలిసీ పిల్లలు వెనక్కి రాలేదు. ఆ రాత్రులు ఆ తల్లులు ఎలా నిద్రపోయారో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆ వార్త వచ్చిన పేపర్ని మా అమ్మాయి తెచ్చి వంటింటి గట్టు మీద, సరిగ్గా నా చేతి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. ఆ పేపర్ని నేను డబ్బాల కింద అరల్లో పరుచుకోలేదండీ. బీరువాలో ఉంది.

ఇప్పుడా పిల్ల ఉద్యోగం చేస్తోంది. మొన్న చలికాలం “అమ్మా, మనాలి వెళ్దాం. స్నోబోర్డు నేర్చుకోవాలని ఉంది” అంది. ఈసారి వద్దనే నోరు నాకు లేదు. సరే, దాని సరదా అది తీర్చుకుంటుంది, నేను శాలువా కప్పుకుని కూర్చుని సామాను చూసుకుంటాను అనుకున్నాను. ఏ ఊరెళ్ళినా మన పని అదేగా! చింతకాయ పచ్చడి, కరివేపాకు పొడి కట్టుకుని ఖమ్మంలో రైలెక్కాం. ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సు. ఆ బస్సు సంగతి అడక్కండి.

ఒక ముక్క వంటింటి సంగతి మాత్రం చెప్పాలి. మనాలి 2,000 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. తెర్లుతున్నాయి కదా అని చూస్తే అన్నం ఉడకదు, పప్పు మాటే లేదు. బస చేసిన ఇంటావిడ కుక్కర్ తెచ్చిస్తేగాని మా కందిపప్పు మెత్తబడలేదు. చిన్న కుక్కర్ పెట్టెలో వేసుకెళ్ళండి, నన్ను తలుచుకుంటారు.

మనాలి నుంచి సోలాంగ్ లోయ 13 కిలోమీటర్లు. వాలంతా తెల్లగా, బియ్యప్పిండి ఆరబోసినట్టుంది. అక్కడ పలకలూ బూట్లూ అద్దెకిస్తారు, నేర్పే కుర్రాళ్ళూ ఉంటారు. మా మాస్టారికి ఇరవై ఏళ్ళుంటాయేమో. మా అమ్మాయికి బూట్లు తొడిగి నావైపు తిరిగి “ఆంటీజీ, ఆప్ భీ?” అన్నాడు. నేను కాదనేలోపు మా అమ్మాయి నా చేతిలో సంచీ తీసి వాళ్ళ నాన్న ఒళ్ళో పెట్టింది. మావారు నా హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నా శాలువా కప్పుకుని అక్కడే కూర్చున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అదొక ముచ్చట.

ఈ స్నోబోర్డు అనేది నిలబెడితే మన గడ్డం దాకా వచ్చే పొడుగాటి పలక. రెండు కాళ్ళూ దానికి అడ్డంగా బిగిస్తారు. బస్సులో పక్కకు తిరిగి నిలబడ్డట్టు నిలబడి జారాలి. ఏ కాలు ముందు పెట్టాలో తెలుసుకోవడానికి ఆ అబ్బాయి వెనకనుంచి నన్ను చిన్నగా తోశాడు. పడకుండా ఆపుకోవడానికి ఏ కాలు ముందుకేశానో అదే ముందు కాలట. ఇక నిలబడటం నేర్పుతాడు అనుకున్నానా, “పహ్లే గిర్‌నా సీఖో” అన్నాడు. ముందు పడటం నేర్చుకోమని!

దాదాపు అరగంట పడటమే. వెనక్కి పడితే గడ్డం గుండెకి ఆనించి, కుదిలబడి వీపు మీదికి దొర్లాలి, తల నేలకి తగలకూడదు. ముందుకి పడితే అరచేతులు ఆనించకూడదు, పిడికిళ్ళు మూసి మోచేతి దాకా పరిచి పడాలి. స్నోబోర్డు మీద ఎక్కువగా విరిగేది మణికట్టేనట. పడగానే చెయ్యి ఆనించడం మనకి పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, దాన్ని మరిచిపోవడానికే సగం శ్రమ. నేను రెండు సూత్రాలూ పాటించాను గాని వీపు మీదికి దొర్లడం మరిచాను. దాని ఫలితమే ఈ బోర్లా రాత.

తర్వాత అంచు పాఠం. ఇది మనకి చిటికెలో అర్థమవుతుంది. పెనం మీద అట్లకాడ బల్లపరుపుగా పెడితే జారిపోతుంది, అంచు వాలిస్తే పట్టి గీకుతుంది. పలకా అంతే. మడమల వైపు అంచు మంచులోకి నొక్కితే ఆగుతుంది, కాస్త వదిలితే జారుతుంది. పొరపాటున దిగువ వైపు అంచు మంచులో దిగిందో, చెంప మీద కొట్టినట్టు ఎత్తి పడేస్తుంది. “ఆంటీజీకి తొందరగా వచ్చేసింది” అని ఆ అబ్బాయి మెచ్చుకున్నాడు. దోసెలు పోసిన చెయ్యి నాయనా అని చెప్పడానికి నా హిందీ చాల్లేదు.

అంచు పట్టుబడ్డాక కుడి పక్కకి కొంత, ఎడమ పక్కకి కొంత ఊగుతూ దిగడం. దీన్ని వాళ్ళు రాలే ఆకు అంటారు. అది వినగానే నాకు మా ఊరి దారి గుర్తొచ్చింది. టేకాకు ఎప్పుడైనా తిన్నగా పడుతుందా? విస్తరంత ఆకు అటు ఊగి ఇటు ఊగి, తీరిగ్గా దిగుతుంది. కళ్ళ ముందు ఆ ఆకుని పెట్టుకుని ఒక ఇరవై అడుగులు దిగానండీ! పడకుండా! చిన్నప్పుడు తాటిమట్ట మీద కూర్చుంటే అన్నయ్య ఈడ్చుకెళ్ళేవాడు. ఓణీ వేసిన రోజునుంచి అది మానిపించారు. మళ్ళీ ఆ జారుడు ఇప్పుడే.

ఈ పలక పుట్టిందీ అలాంటి ఆటలోంచేనట, మా అమ్మాయి చెప్పింది. 1965 క్రిస్మస్ రోజు, అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మస్కేగాన్ ఊళ్ళో షెర్మన్ పాపెన్ అనే ఆయన ఇంట్లో ఆడపిల్లలు ఒకటే గోల. భార్య నిండు మనిషి. పిల్లల్ని కాస్త బయటికి తీసుకెళ్ళమంది. ఆయన రెండు స్కీ చెక్కలు పక్కపక్కన బిగించి, పిల్లల్ని వాటి మీద నిలబెట్టి వాలులో జారించాడు. దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది ఆ భార్య నాన్సీయే. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డుని చేర్చారు. ఓ ఇల్లాలు కాసేపు నడుం వాల్చాలనుకున్నందుకు ఎంత పని జరిగిందో చూడండి.

మధ్యాహ్నం దాటాక ఒకటి జరిగింది. మా అమ్మాయి నాకంటే పైనుంచి దిగుతోంది. అంచు పట్టేసినట్టుంది, గాల్లోకి లేచి ముఖం కింద పెట్టి పడింది. కదల్లేదు. నేను లేచి పరుగెత్తబోయాను. రెండు కాళ్ళూ పలకకి బిగించి ఉన్నాయి. పడ్డాను. లేచాను, మళ్ళీ పడ్డాను. పట్టీలు విప్పుదామంటే చలికి వేళ్ళు పనిచేయవు. పుట్టినప్పటినుంచి అది పడితే నేను వెళ్ళకుండా ఉన్నది ఆ ఒక్కసారేనండీ. కూర్చుని చూడటం తప్ప మార్గం లేదు. ముందు ఒక చెయ్యి కదిలింది. తర్వాత మోకాళ్ళ మీదకి లేచింది. మంచు ఉమ్మేసి నావైపు చెయ్యి ఊపి, పలక తిప్పుకుని మళ్ళీ దిగడం మొదలుపెట్టింది. నా పక్కకొచ్చి ఆగి, “అమ్మా, ఎందుకేడుస్తున్నావ్?” అంది. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయన్నాను.

ఆ రాత్రి రజాయి కింద అడిగాను, “అప్పుడు క్యాంపుకి పంపలేదని నామీద కోపం వచ్చిందా?” అని. కాసేపు ఆగి చెప్పింది. “పంపనందుకు కాదమ్మా. నువ్వా కాగితం చదవను కూడా లేదు.”

నిజమే. చదవలేదు. చేతికి నూనె ఉందని దాన్ని ముట్టుకోనైనా లేదు.

మీలో ఎవరైనా వెళ్ళేట్టయితే ఈ నాలుగు మాటలూ గుర్తుపెట్టుకోండి. లోపల నూలు బట్టలు వద్దు. నేను అద్దె కోటు కింద కాటన్ చుడీదార్ వేసుకుని, అది చెమటకీ మంచుకీ తడిసి గంటలో వణికిపోయాను. ఉన్నిదో, త్వరగా ఆరే బట్టో వేసుకోవాలి. బూటు బిగువుగా ఉండాలి, లోపల మడమ లేవకూడదు. నాకిచ్చిన మొదటి జత వదులు, మొహమాటపడి ఊరుకున్నాను, పాదాలు బొబ్బలెక్కాయి. మార్చి ఇమ్మని గట్టిగా అడగండి. హెల్మెట్ పెట్టుకోనిదే పలక ఎక్కొద్దు. నల్లద్దాలు షోకుకి కాదు, మంచు మీద ఎండ తిరిగి కొట్టి కళ్ళు మండిపోతాయి. మొహానికి ఎండ క్రీము రాసుకోవాలి, ముక్కు కింద, గడ్డం కింద కూడా, ఎందుకంటే అక్కడ ఎండ కిందనుంచి వస్తుంది. దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగుతుండాలి.

ఒక్కరోజు సరదా చాలదు, పద్ధతిగా నేర్చుకోవాలి అనుకునే పిల్లలుంటే దానికీ చోట్లున్నాయి. మనాలిలో వాజ్‌పేయీ గారి పేరున ఉన్న పర్వతారోహణ సంస్థ 1961 నుంచీ ఉంది, చలికాలంలో స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. కాశ్మీరులో గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వారి సంస్థ, ఉత్తరాఖండ్‌లో ఔలీ కూడా ఉన్నాయి.

మా అమ్మాయి వచ్చే చలికాలానికి మనాలి కోర్సుకి వెళ్తానంటోంది. మొన్న ఆదివారం ఫారం ప్రింటు తీసి తెచ్చింది. దానికిప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు. అయినా “ఆపదలో ఎవరికి తెలియజేయాలి” అన్నచోట నా పేరు రాసి, చదవమని నా చేతికిచ్చింది. సాంబారు తెర్లుతోంది. స్టవ్ కట్టేసి, కళ్ళజోడు తెచ్చుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో రాసిన పేరా రెండుసార్లు చదివాను. కాగితం మీద నా వేలి పసుపు అంటుకుంది. తడిగుడ్డతో తుడిచినా పోలేదు. “ఉండనీ అమ్మా” అని అలాగే కవర్లో పెట్టేసింది.